ఆఫీసు గ్రూపులో పై అధికారి "నోటెడ్" అంటే చెయ్యమన్నట్టా, చూశానన్నట్టా?

రేవు_డెస్క్ · శనివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. నేను వైజాగ్ పోర్టు ఏరియాలో ఒక ఎగుమతుల ఏజెన్సీలో డాక్యుమెంట్లు చూస్తాను. మా పనంతా వాట్సాప్ గ్రూపుల మీదే నడుస్తుంది. మొన్న మా మేనేజర్ గారికి ఇలా పెట్టాను: "సార్, రొయ్యల కంటైనర్ గేట్ కటాఫ్ రేపు ఉదయం 6కి. పార్టీ ఇచ్చిన బరువుకీ వేబ్రిడ్జి చీటీకీ పొంతన లేదు. చీటీలో ఉన్న అంకెతో ఫైల్ చేసెయ్యమంటారా?" (కటాఫ్ అంటే కంటైనర్ పోర్టు గేటు లోపలికి వెళ్ళాల్సిన ఆఖరి టైము. వేబ్రిడ్జి అంటే బండితో సహా తూచే కాటా.)

అరగంట తర్వాత జవాబు వచ్చింది. "నోటెడ్."

అంతే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా పక్క సీటు అతను "చెయ్యమనే కదా" అన్నాడు. నాకేమో "చూశాను, ఆలోచించి చెబుతాను" అన్నట్టు అనిపించింది. బరువు ధ్రువీకరించని కంటైనర్‌ని ఓడ ఎక్కించకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 జులై 1 నుంచీ ఉంది. కాబట్టి అంకె ఏదో ఒకటి వేసేసే వ్యవహారం కాదు. రాత్రి ఆయనే ఫోన్ చేసి "ఇంకా చెయ్యలేదా?" అని కోప్పడ్డారు. కంటైనర్ టైముకే లోపలికి వెళ్ళింది గానీ, ఆ సాయంత్రమంతా పడిన టెన్షన్ నాకే తెలుసు.

ఇలాంటి పొట్టి జవాబులకి మీ మీ ఆఫీసుల్లో ఏం అర్థం తీసుకుంటారు? పై వాళ్ళని "అంటే ఏంటి సార్" అని అడగొచ్చా?

---

మధురవాడ_కోడర్ · శనివారం రాత్రి 9.41

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో "నోటెడ్" అంటే "చదివాను" అని మాత్రమే. అనుమతి కావాలంటే "అప్రూవ్డ్" అనే మాట రావాలి, లేదా టికెట్‌లో, అంటే ఆ పనిని నమోదు చేసిన ఆన్‌లైన్ చీటీలో, బటన్ నొక్కాలి. మీ మేనేజర్‌దే తప్పు. మీరడిగింది అవును, కాదు అనే ప్రశ్న. దానికి ఆ జవాబు జవాబే కాదు.

ఇంకో మాట కూడా ఉంది, "ఈఓడీ". ఈరోజు ముగిసేలోగా అని. ఎవరి రోజు? న్యూయార్క్ క్లయింట్‌కి సాయంత్రం 6 అంటే, అక్కడ ఎండాకాలంలో మనకి తెల్లవారుజామున 3.30. చలికాలంలో 4.30. ఈ ఒక్క మాట మీద మా రుషికొండ ఐటీ కొండ మీద ఎన్ని రాత్రులు తెల్లారిపోయాయో.

---

ఉక్కు_బీషిఫ్ట్ · శనివారం రాత్రి 10.15

అమ్మా, మీ పక్క సీటు అతనన్నదీ తప్పు కాదు. పని జరిగే చోట పెద్దాయన "నోటెడ్" అంటే సగం మంది "కానివ్వు" అనే అనుకుంటారు. అలవాటు అలాంటిది. నేను గాజువాక వైపు ప్లాంటు మనిషిని. షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కులో "రన్నింగ్ ఓకే" అని రెండు మాటలు రాసి వెళ్ళిపోయేవాళ్ళు కొందరుంటారు. ఏది ఓకే? బేరింగ్ వేడి చూశాకా ఓకే? చప్పుడు లేదు కాబట్టి ఓకేనా? తర్వాత షిఫ్టు వాడికి ఆ రెండు మాటల వల్ల ఏ ఉపయోగమూ లేదు. "2వ నంబరు పంపు బేరింగ్ 68 డిగ్రీలు, 4 గంటలకి చూశాను, 75 దాటితే ఆపాలి" అని రాస్తే అదీ చిన్న సందేశమే, పది సెకన్ల పనే. చదివినవాడు మాత్రం దాన్ని పట్టుకుని పని చెయ్యగలడు.

---

ఫైలు_మాస్టారు · ఆదివారం ఉదయం 7.05

ప్రభుత్వాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మేమంతా పొట్టి మాటల మీదే బతికాం. ఫైలు పైకి వెళ్ళి కిందికి వస్తే మార్జిన్‌లో ఒకటో రెండో మాటలు. కానీ ఒక్కో మాటకి ఒక్కో అర్థం, అది గుమాస్తా దగ్గర్నుంచి అధికారి దాకా అందరికీ తెలుసు. ఉత్త సంతకం, తేదీ మాత్రమే ఉంటే చూశారని. "ప్రతిపాదించినట్టు" అంటే ఆమోదం. "ప్లీజ్ స్పీక్" అని రాస్తే అధికారికి అనుమానం ఉందన్నమాట, దాన్ని కాగితం మీద పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. అప్పుడు ఫైలు పట్టుకుని గదిలోకి వెళ్ళాలి, అంతేగానీ సీట్లో కూర్చుని మళ్ళీ నోట్ రాస్తే చివాట్లే.

ముగిసిన ఫైలుకి కూడా అంతే. ఎల్.డిస్ అని కొడితే త్వరలో తీసిపారేసే కాగితం, ఆర్.డిస్ అంటే శాశ్వతంగా దాచాల్సింది. పాత మద్రాసు రాష్ట్రం నాటి జిల్లా ఆఫీసుల పద్ధతి, మన కలెక్టరేట్లలోనూ చాలాకాలం నడిచింది. రెండక్షరాలు తప్పు పడితే ఒక రైతు భూమి కాగితం చెత్తలోకి పోవచ్చు.

ఇంకొకటి. ఫైల్లో రాసిన మాట దానంతట అదే ఉత్తర్వు అయిపోదు. సరైన రూపంలో జారీ చేసి, సంబంధిత మనిషికి అందజెయ్యాలి. 1962లో బచిత్తర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. మీ మేనేజర్ మనసులో "చెయ్యమను" అని ఉండొచ్చు. మీకు అందింది మాత్రం "నోటెడ్".

---

సాగర్‌నగర్_పద్మ · ఆదివారం ఉదయం 7.30

మాస్టారి చివరి రెండు వాక్యాలూ మా ఆఫీసు గోడ మీద అంటించాలి.

---

రేవు_డెస్క్ · ఆదివారం ఉదయం 8.12

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీ దగ్గర మాటలకి ముందే అర్థాలు కుదిరి ఉన్నాయి. మా గ్రూపులో అదే లేదు. ఒకాయన బొటనవేలు గుర్తు పెడతారు, ఒకాయన చేతులు జోడిస్తారు, ఇంకొకాయన "హా" అంటారు. ఆ "హా" అవునా, విన్నాననా, ఇంకా చెప్పమనా?

---

విశ్రాంత_ఎస్సెమ్ · ఆదివారం ఉదయం 9.48

నేను వాల్తేరు డివిజన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేశాను. ఈ సమస్యకి రైల్వేలో ఎప్పటినుంచో ఒక ఏర్పాటు ఉంది, దాని పేరు ప్రైవేట్ నంబర్.

బండి వస్తోంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు వెయ్యమని గేట్‌మ్యాన్‌కి ఫోన్‌లో చెబుతాను. అతను "సరే సార్" అంటే నాకు చాలదు. ఆ "సరే" అంటే విన్నాడనా, వేస్తాడనా, వేసేశాడనా? గేటు వేశాక అతని దగ్గరున్న ప్రైవేట్ నంబర్ షీటులోంచి తర్వాత వంతు వచ్చిన రెండంకెల నంబరు చెబుతాడు. షీటులో అంకెలు ఒక వరసలో ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. కాబట్టి ఊహించి చెప్పడం కుదరదు. చెప్పిన నంబరుని అతను తన షీటులో కొట్టేసుకుంటాడు, నేను టైముతో సహా రిజిస్టర్‌లో రాసుకుంటాను. ఆ అంకె వచ్చిందంటే ఒకే ఒక్క అర్థం: గేటు పడింది. ఆ తర్వాతే సిగ్నల్.

గమనించండి, ఆ "47" అనే అంకెకి సొంతంగా ఏ అర్థమూ లేదు. ఫలానా పని పూర్తయ్యాకే ఇస్తామని ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు కాబట్టి దానికి అంత బలం. మీ "నోటెడ్"కి లేనిది ఆ ఒప్పందమే. మాట పొట్టిగా ఉండటం ఇక్కడ సమస్యే కాదమ్మా.

---

మధురవాడ_కోడర్ · ఆదివారం ఉదయం 10.20

ఎస్సెమ్ గారూ, వినడానికి చాలా బాగుంది. కానీ రోజుకి వందల మెసేజీలొచ్చే చోట ప్రతి దానికీ ఇలా నిర్ధారణ అడిగితే పని సాగదు కదండీ? గ్రూపు నిండా "అందింది", "అందింది" అనే ఉంటాయి. అసలు విషయం కిందికి పోతుంది.

---

విశ్రాంత_ఎస్సెమ్ · ఆదివారం ఉదయం 10.31

మేమూ ప్రతి మాటకీ నంబరు ఇచ్చుకోలేదు బాబూ. టీ తాగావా అన్నదానికి ప్రైవేట్ నంబర్ ఉండదు. వెనక్కి తీసుకోలేని పనులకే.

---

ఎల్సీ_బుక్ · ఆదివారం మధ్యాహ్నం 1.15

వెనక్కి తీసుకోలేని పని అన్నారు కాబట్టి నేనూ చెబుతాను. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మా దగ్గర ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. బ్రేకర్ ఆపి, బోర్డు తగిలించి, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి కరెంటు తీసుకెళ్ళే లైను) పేరు, అడిగిన మనిషి పేరు, టైము రాసి ఎల్‌సీ ఇస్తాం. పనయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే వాపసు ఇవ్వాలి. ఒకే ఫీడర్ మీద రెండు బృందాలుంటే రెండు ఎల్‌సీలు, రెండూ వాపసొచ్చాకే చార్జింగ్, అంటే లైనుకి మళ్ళీ కరెంటు ఇవ్వడం.

ఇప్పుడు గ్రూపులో ఎవరో "ఫీడర్ క్లియర్" అని పెట్టారనుకోండి. ఫాల్ట్ క్లియర్ అయింది, కరెంటు ఇవ్వొచ్చు అనా? ఎల్‌సీ ఇచ్చాం, ఎక్కండి అనా? ఒకే మాట, ఒక అర్థంలో తీగలో కరెంటు ఉంటుంది, ఇంకో అర్థంలో ఉండదు. అందుకే మా షిఫ్టులో ఆ మాట ఒంటరిగా వాడనివ్వం. "ఎల్‌సీ ఇచ్చాను", "ఎల్‌సీ వాపసు" అనే రాయాలి, అదీ పుస్తకంలో. గ్రూపులో ఏది పెట్టినా దాన్ని చూసి స్విచ్ ముట్టుకోం. తుపాను రోజుల్లో, ఊరంతా చీకట్లో ఉండి ఫోన్లు మోగుతూ ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

---

వార్డు_సిస్టర్ · ఆదివారం మధ్యాహ్నం 2.40

ఆసుపత్రిలోనూ ఇదే గొడవ. చీటీ మీద "ఎస్.ఓ.ఎస్" అని ఉంటే అవసరమైతేనే వేసుకోమని. రోగి బంధువులు అది చూసి ప్రాణం మీదకొచ్చిందేమోనని కంగారుపడి పరిగెత్తుకొస్తారు. డాక్టరుకీ మాకూ తెలిసిన అర్థం వాళ్ళకి తెలియాలని లేదు కదా. మందు ఇచ్చేటప్పుడు "జ్వరం 100 దాటితేనే ఒకటి" అని తెలుగులో రాసిస్తే ఆ భయం ఉండదు.

ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్త. యూనిట్లకి "యు" అక్షరం ఒక్కటే గిలికితే అది సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అయిపోయే ప్రమాదం ఉంది. అందుకే పూర్తిగా "యూనిట్లు" అని రాయాలని నేర్పుతారు. ఫోన్‌లో డాక్టరు మందు చెబితే ముందు రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపిస్తాం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. "ఒకటి, ఐదు" అని విడివిడిగా చెప్పించుకుంటాం. సీనియర్ డాక్టరైనా సరే, ఇందులో మొహమాటం లేదు. రేవు_డెస్క్ గారూ, పై వాళ్ళని అడగొచ్చా అన్నారు చూడండి, అడగడం తప్పు కాదు. అది పద్ధతి అని అందరికీ తెలిస్తే ఎవరూ అవమానంగా అనుకోరు.

---

డాల్ఫిన్_నోస్ · ఆదివారం సాయంత్రం 5.05

ఓడల మీద చేసి వచ్చినవాణ్ణి. రేవు_డెస్క్ గారికి దగ్గర్లోనే ఉంది జవాబు. మన హార్బర్ ఛానల్‌లోకి వస్తున్న ఓడని బీచ్ నుంచి చూడండి, తెలుపు ఎరుపు సగం సగం ఉన్న జెండా ఎగురుతుంటుంది. అది హెచ్ జెండా: "నా ఓడ మీద పైలట్ ఉన్నాడు." పైలట్ అంటే ఓడని రేవులోకి దారి చూపించి తెచ్చే మనిషి. ప్రపంచంలో ఏ రేవుకెళ్ళినా అదే అర్థం.

రేడియోలో మాట్లాడటానికి కూడా అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001లో ప్రామాణిక వాక్యాలు ఆమోదించింది. అందులో రెండు సంగతులు మన ఆఫీసులకి నేరుగా పనికొస్తాయి. మొదటిది, సందేశానికి ముందు అది ఏ రకమో చెప్పొచ్చు: క్వశ్చన్, ఇన్ఫర్మేషన్, వార్నింగ్, ఇన్‌స్ట్రక్షన్, రిక్వెస్ట్, ఇలా ఎనిమిది రకాలు. వింటున్నవాడికి తన నుంచి ఏం ఆశిస్తున్నారో మొదటి మాటలోనే తెలిసిపోతుంది. రెండోది, ఆదేశం వస్తే "ఓకే" అని ఊరుకోకూడదు. "చేస్తాను" అని, ఆ చేసేదేంటో పూర్తిగా తిరిగి చెప్పాలి. చెయ్యలేకపోతే "చెయ్యలేను" అని మళ్ళీ అంతా చెప్పాలి. ఇంగ్లీషు సరిగా రాని కెప్టెన్, యాస అర్థం కాని పోర్ట్ కంట్రోల్, మధ్యలో గాలి హోరు. అక్కడ పనిచేస్తున్న పద్ధతి ఏసీ గదిలో పనిచెయ్యదా?

"రోజర్" అనే మాట సినిమాల్లో విని చాలామంది "సరే, అలాగే" అనుకుంటారు. దానర్థం మీరన్నది పూర్తిగా అందింది అని మాత్రమే. చేస్తాననడానికి వేరే మాట ఉంది, "విల్కో".

---

కోల్డ్‌స్టోరేజ్_శీను · ఆదివారం సాయంత్రం 6.22

రొయ్యల కంటైనర్ అన్నారు కాబట్టి ఆగలేక రాస్తున్నాను. గడ్డకట్టిన సరుకుకి కంటైనర్ ఉష్ణోగ్రత సెట్టింగ్ మైనస్ 18 డిగ్రీలు. మా లైన్‌లో కొందరు గ్రూపులో "సెట్ 18" అని పెట్టేస్తారు, మైనస్ అందరికీ తెలిసిందే కదా అని. అనుభవం ఉన్నవాడికి తెలుసు. నిన్న చేరిన కుర్రాడికి? పళ్ళ కంటైనర్లకి సున్నాకి పైన సెట్టింగులు కూడా ఉంటాయి మరి. చిన్న అడ్డగీత, ఫోన్ తెర మీద గీత ఉందో లేదో కూడా కనబడదు. నేను "మైనస్ 18" అని అక్షరాల్లోనే రాయిస్తాను.

రెండో తలనొప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "లోడ్ అయిందా", "లోడ్ అయింది". చివర్లో ఒక్క అక్షరం తేడా, అదీ ఫోన్ తనంతట తాను మార్చేసే అక్షరం. ప్రశ్న కాస్తా జవాబైపోతుంది. ప్రశ్నార్థకం పెట్టే అలవాటు మనలో తక్కువ. "పది"కీ "పడి"కీ తేడా ఉండదు. మా సూపర్‌వైజర్ ఇప్పుడు తెలుగు లిపిలోనే కొడతారు, గొంతుతో చెబితే ఫోనే రాసేస్తోంది కదా.

---

సాగర్‌నగర్_పద్మ · ఆదివారం సాయంత్రం 6.50

ఇంగ్లీషు అక్షరాల అలవాటు పాత ఎస్సెమ్మెస్‌ల నుంచి వచ్చింది శీను గారూ. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పట్టేవి, తెలుగు లిపిలో 70 మాత్రమే. చాలా ఫోన్లలో తెలుగు కనబడేదే కాదు. ఇప్పుడా ఇబ్బంది లేదు, వేళ్ళకి అలవాటు మాత్రం మిగిలిపోయింది.

---

ఫైలు_మాస్టారు · ఆదివారం రాత్రి 7.35

తంతి, అదే టెలిగ్రామ్, పంపిన రోజులు గుర్తున్నవాళ్ళం. 2013 జులైలో ఆ సేవ ఆపేశారు. మాటకింత అని డబ్బు కట్టేవాళ్ళం కాబట్టి, కౌంటర్ దగ్గర నిలబడి ఏ మాట తీసేసినా అర్థం చెడదో లెక్కేసుకుని మరీ రాసేవాళ్ళం. ఇప్పుడు మాటకి డబ్బు లేదు. ఇంకో నాలుగు మాటలు ఎక్కువ రాస్తే పోయేదేముంది?

---

సీతమ్మధార_వకీలు · ఆదివారం రాత్రి 8.10

ఒక హెచ్చరిక. "గ్రూపులో ఏదో పెట్టాం, కాగితం కాదు కదా" అనుకోవద్దు. ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యమే. ఇదివరకు సాక్ష్యాధారాల చట్టంలో 65బి, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. తగిన సర్టిఫికెట్‌తో దాఖలు చేస్తే కోర్టు చూస్తుంది. కెనడాలో సస్కాచువాన్ కోర్టు 2023లో ఒక తీర్పిచ్చింది. అవిసె గింజల కొనుగోలు ఒప్పందం ఫోటో పంపి, ఖాయం చెయ్యమంటే రైతు బొటనవేలు గుర్తు పెట్టాడు. అందింది అనే అర్థంలో పెట్టానన్నాడు. వాళ్ళిద్దరి మధ్య అంతకుముందు పొట్టి జవాబులతోనే ఒప్పందాలు నడిచాయి కాబట్టి ఇది అంగీకారమేనంది కోర్టు. సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టాల్సి వచ్చింది. అది మన కోర్టులకి శిరోధార్యం కాదు, కానీ ఆలోచించే తీరు గమనించండి. గుర్తుకి అర్థం నిఘంటువులో వెతకలేదు, ఆ ఇద్దరి పాత వ్యవహారంలో వెతికారు.

కాబట్టి రేవు_డెస్క్ గారూ, "నోటెడ్" మీద మీరు ఒకసారి పని చేసేస్తే, రేపటి నుంచి మీ ఇద్దరి మధ్య దానర్థం "చెయ్యి" అనే అవుతుంది. ఆలోచించుకోండి.

---

రేవు_డెస్క్ · ఆదివారం రాత్రి 9.02

ఇది నాకు తట్టనే లేదు. సరే, మీరంతా చెప్పింది పెట్టుకుని ఒకటి రాశాను. దయచేసి చూడండి:

"ప్రశ్న: సార్, రొయ్యల కంటైనర్, చివరి నాలుగు అంకెలు 4417. వేబ్రిడ్జి బరువుతో ఫైల్ చెయ్యనా? అవును లేదా ఆగు అని చెప్పండి. రాత్రి 8 లోపు మీ జవాబు రాకపోతే వేబ్రిడ్జి అంకెతో చేసేస్తాను."

---

మధురవాడ_కోడర్ · ఆదివారం రాత్రి 9.10

అదిరింది. చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. పెద్దాయన మీటింగులో ఉన్నా పని ఆగదు.

---

ఎల్సీ_బుక్ · ఆదివారం రాత్రి 9.14

నాకు నచ్చనిది ఆ చివరి వాక్యమే. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టా? ఆయన ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు.

---

విశ్రాంత_ఎస్సెమ్ · ఆదివారం రాత్రి 9.30

మా దగ్గర నంబరు రాకపోతే గేటు పడనట్టే లెక్క, బండి ఆగాల్సిందే. ఆగితే లేటవుతుంది, అంతకంటే ఏమీ కాదు. అమ్మా, మీరు ఒకటి చూసుకోండి. జవాబు రాకపోతే ఏం చేస్తే తర్వాత దిద్దుకోవచ్చో, దాన్ని చివరి వాక్యంలో పెట్టండి. బరువు డిక్లరేషన్ ఒకసారి ఫైల్ చేశాక కటాఫ్ లోపు సవరించడానికి వీలుందా? ఉంటే "చేసేస్తాను" పెట్టొచ్చు. లేకపోతే "ఆపి ఉంచుతాను, 8.15కి ఇంటికి ఫోన్ చేస్తాను" అని పెట్టండి.

---

వార్డు_సిస్టర్ · ఆదివారం రాత్రి 9.37

గ్రూపులో పెట్టకుండా ఆయన ఒక్కరికే పంపండి, లేదా పేరు పెట్టి పిలవండి. పదిమంది ఉన్న గదిలో "ఎవరైనా చూడండి" అంటే ఎవరూ కదలరు.

---

రేవు_డెస్క్ · ఆదివారం రాత్రి 9.45

సవరణకి వీలుంది ఎస్సెమ్ గారూ, కటాఫ్ దాకా. అయితే ఈ కంటైనర్లకి "చేసేస్తాను" ఉంచుతాను. సరుకు రకం, ఉష్ణోగ్రత మార్పులకి మాత్రం "ఆపి ఉంచుతాను" అని రాస్తాను. సిస్టర్ గారు చెప్పినట్టు పేరు కూడా పెడతాను.

---

కోల్డ్‌స్టోరేజ్_శీను · ఆదివారం రాత్రి 9.58

అన్నీ బాగున్నాయి గానీ "చివరి నాలుగు అంకెలు" అన్నది తీసెయ్యండి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఏడో అంకె ముందున్నవాటిని లెక్కగట్టి వచ్చే చెక్ డిజిట్. మొత్తం రాస్తే, మధ్యలో ఒక అంకె తప్పు పడినా సిస్టమ్ దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. చివరి నాలుగే రాస్తే ఆ కాపలా పోతుంది, యార్డులో అవే నాలుగు అంకెలతో ఇంకో పెట్టె ఉన్నా తెలియదు. పదకొండూ రాయండి.